ఇంతకీ మనం ఏ రకం? – శ్రీశ్రీ చిన్న కవిత, పెద్ద జీవితం

ఫ్రెండ్స్, ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇది శ్రీశ్రీ గారి జీవితం మీద వ్యాసం అనుకుని మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే కొంత భాగం నా మీద నేనే పెట్టుకున్న కంప్లయింటులా తయారైంది. ఆ భాగం తీసేస్తానన్నాను. మన ఎడిటర్ అన్న మాత్రం అట్లనే ఉంచు, ఏం గాదు అన్నాడు. అందుకే ఉంచాను.

పోయిన ఏప్రిల్ 30న శ్రీశ్రీ పుట్టినరోజని మన క్లబ్ మీటింగ్ పెట్టింది గుర్తుంది కదా. యువకుల గురించి ఆయన రాసిన చిన్న కవిత ఒకటి చదివి, దాని అర్థం చెప్పమని నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఆ కవిత నాకు కొత్త కాదు. ఇంటర్ నుంచి నా వాట్సాప్ స్టేటస్‌లో వస్తూ పోతూ ఉండేది. ఫెస్ట్ పోస్టర్ల మీద, ఎన్నికలప్పుడు ఫ్లెక్సీల మీద, మోటివేషన్ వీడియోల్లో కూడా మీరంతా చూసే ఉంటారు.

కవిత రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్కలో వయసు చిన్నదే అయినా మనసు ముసలిదైపోయిన కుర్రాళ్లు. ఇంట్లో పెద్దవాళ్ల నుంచి వచ్చిన అభిప్రాయాల్ని ఒక్కసారి కూడా పరీక్షించకుండా మోసేవాళ్లు, పేరున్నవాళ్ల వెనక, గాలి కబుర్ల వెనక పరిగెత్తేవాళ్లు. రెండో ముక్కలో ఇంకో రకం. ఎవరో వేసిన దారిలో తల దించుకుని నడవనివాళ్లు, తప్పు కళ్ల ముందు జరుగుతుంటే మనకెందుకులే అని పక్కకి తప్పుకోనివాళ్లు. చివర్లో కవి ఈ రెండో రకానికి నమస్కారం పెట్టి ముగిస్తాడు. అంతే కవిత.

నేను గట్టిగా చదివాను. రెండో ముక్క దగ్గర గొంతు పెంచాను, బల్ల కూడా చరిచాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మొదటి రకం అంటే మన అంకుల్స్ బ్యాచ్, రెండో రకం అంటే మనం అని అర్థం చెప్పాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక ఫస్టియర్ చెల్లె లేచి, అన్నా, మరి మీరు ఏ రకం అని అడిగింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, ఇంక చెప్పాలా అన్నట్టు చేతులు ఊపి దిగిపోయాను.

కానీ ఆ అమ్మాయి నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు.

ఫిబ్రవరిలో మా క్లాసు గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. మొయినాబాద్ బస్టాప్ దగ్గర మా క్లాసు అమ్మాయి ఒకరి బండి మీద కూర్చుని ఉంది. కింద ఎవడో ఒక చెత్త కామెంట్ రాశాడు. నేను రాయలేదు, నేను తీయలేదు. నవ్వుకుని ఇంకో రెండు గ్రూపులకి ఫార్వర్డ్ చేశాను, అంతే. ఆ బండి నడిపింది వాళ్ల మేనమామ అని తర్వాత తెలిసింది. మేనమామ కాకపోయినా మాకేం పని అని ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదు. ఆ అమ్మాయి మూడు వారాలు కాలేజీకి రాలేదు. ఆ మూడు వారాల్లో నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నన్ను ప్రశ్న అడిగిన ఫస్టియర్ అమ్మాయిది వాళ్ల ఊరే. ఇద్దరూ ఒకే బస్సులో వస్తారు.

మాది ఎంకపల్లే కాబట్టి ఇంటికి నడుచుకుంటూనే పోతాను. ఆ రోజు ఆ దూరం చాలా పొడుగనిపించింది. గాలి కబుర్ల వెనక పరిగెత్తేవాళ్లు అని నేనే కదా మైకులో అర్థం చెప్పింది. తప్పు జరుగుతుంటే పక్కకి తప్పుకునేవాళ్లు అని నేనే కదా వెక్కిరించింది. పరీక్షలో ప్రశ్నపత్రం నాదే, ఫెయిలైంది కూడా నేనే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఈ కవిత రాసినాయన ఏ రకం? పుట్టుకతోనే తిరుగుబాటుదారుడా? అదే అయితే ఇంక మనలాంటి వాళ్లు ఆ కవిత జోలికి పోకూడదు. సెలవుల్లో కూర్చుని ఆయన జీవితం చదివాను. చదివినకొద్దీ ఆ కవితకి నేను చెప్పిన అర్థం తప్పని తెలిసింది. ఎలా తప్పో చెప్పాలంటే ఆయన కథ మొదటి నుంచి చెప్పాలి.

శ్రీశ్రీ 1910లో విశాఖపట్నంలో పుట్టారు. పుట్టింది పూడిపెద్ది వెంకటరమణయ్య, అప్పలకొండ దంపతులకి. శ్రీరంగం సూర్యనారాయణ గారికి దత్తత వెళ్లడంతో శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఇంటిపేరులో మొదటి అక్షరం, పేరులో మొదటి అక్షరం కలిపితే శ్రీశ్రీ. చిన్నప్పుడే తల్లి పోయింది. 1925లో ఎస్‌ఎస్‌ఎల్‌సీ పాసయ్యారు, అదే ఏడాది పెళ్లి కూడా చేశారు. పదిహేనేళ్ల వయసు! మన లెక్కలో టెన్త్ రిజల్ట్సూ పెళ్లి కార్డూ ఒకే సంవత్సరంలో. అంటే ఆయన బాల్యం కూడా ఆ కాలపు ఇళ్లన్నింటిలాగే పెద్దలు గీసిన గీతల మధ్యనే నడిచిందన్నమాట.

ఇంకో ఆశ్చర్యం ఆయన మొదటి పుస్తకం. పేరు ప్రభవ. 1928లో వచ్చింది. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు. మనం అనుకునే శ్రీశ్రీ అందులో కనబడరు. పాత ఛందస్సులో పద్యాలు, ఆ రోజుల్లో అందరూ రాస్తున్న భావకవిత్వం దారి. తప్పుగా రాశారని కాదు. ఆ వయసులో అంత పట్టు ఉండటం గొప్పే. కానీ ఆ గొంతు ఆయనది కాదు, అంతకు ముందు తరం గొంతు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, పద్దెనిమిదేళ్ల శ్రీశ్రీ తన కవితలోని మొదటి రకం కుర్రాడే.

ఇది చదివినప్పుడు నాకు ఊపిరి వచ్చినట్టయింది. అంటే ఆ మొదటి ముక్కని ఆయన ఎక్కడో మేడ మీద నిలబడి, కింద ఉన్నవాళ్లని చూసి రాయలేదు. తాను కొన్నాళ్లు ఉండి వచ్చిన ఇంటి గురించి రాశారు.

తర్వాత మద్రాసు వెళ్లారు. 1931లో జువాలజీలో బీఏ పూర్తి చేశారు. అవును, తెలుగు కవిత్వాన్ని తలకిందులు చేసిన మనిషి సైన్స్ స్టూడెంట్. తెలుగు చదవనివాళ్లకి కవిత్వం ఎందుకని మనల్ని ఎవరైనా అంటే ఈ ఒక్క పాయింట్ చాలు. 1935లో విశాఖలో ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా చేరారు. మన ల్యాబుల్లో రికార్డులు చూసే సార్లు ఉంటారే, అలాంటి ఉద్యోగం.

ఆ రోజులు ఎలాంటివో కూడా చూడాలి. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచమంతా పాకింది. పంటలకి ధరల్లేవు, డిగ్రీలకి ఉద్యోగాల్లేవు. డిగ్రీ చేతిలో పట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఫైనలియర్ వాళ్ల మొహాలు చూస్తే కొంచెం తెలుస్తుంది. శ్రీశ్రీకి ఆకలి, నిరుద్యోగం పుస్తకంలో చదివిన సంగతులు కావు. ఒకపక్క ఎడ్గార్ ఎలన్ పో, బోదిలేర్ లాంటి వాళ్లని చదువుతున్నారు. ఇంకోపక్క వీధిలో కూలివాళ్లని, బిచ్చగాళ్లని చూస్తున్నారు. చేతిలో ఉన్న పాత పద్యం ఈ రెండింటినీ మోయలేకపోయింది.

1933 నుంచి 1940 దాకా ఆయన రాసిన కవితలే తర్వాత మహాప్రస్థానం అయ్యాయి. వృత్తాలు వదిలేసి మాత్రల లయలోకి వచ్చారు. అడుగులు వేస్తూ చదువుకోవచ్చు, గుంపుగా అరుస్తూ చదువుకోవచ్చు. కవిత్వంలోకి రాకూడదనుకున్న మనుషులూ వస్తువులూ లోపలికి వచ్చేశాయి.

ఇక్కడే నాకు రెండో సంగతి అర్థమైంది. ఇది సీఎస్ఈ వాళ్లకి ఈజీగా ఎక్కుతుంది. లెగసీ కోడ్ ఉంటుంది కదా. ఎవరో ఎప్పుడో రాసింది. దాన్ని చదవకుండా కాపీ పేస్ట్ చేసేవాడు ఒకడు. చదవకుండా డిలీట్ కొట్టేవాడు ఇంకొకడు. ఇద్దరూ చదవలేదు కాబట్టి ఇద్దరూ ఒకటే. శ్రీశ్రీ ముందు దాన్ని మొత్తం చదివారు, అందులో రాసి చూశారు, ఎక్కడ పనికిరాదో తెలుసుకుని అప్పుడు తిరగరాశారు. చదివారనడానికి రుజువు కావాలంటే, విప్లవకవి అని ప్రపంచమంతా పిలుస్తున్న రోజుల్లో కూడా ఆయన సరదాగా కందపద్యాలు రాసేవారు. అన్నీ నాలుగు మాత్రల గణాలు, పైగా ప్రాస తప్పకూడదు, నియమాలు గట్టివే. అలాంటి కందాలతో సిరిసిరిమువ్వ అని ఒక శతకమే రాశారు. పద్యం రాదు కాబట్టి వదిలేయలేదు. వచ్చి కూడా వదిలేశారు.

ఇంకా చూడండి. కవిత్రయం అంటే మనం నన్నయ, తిక్కన, ఎర్రన అని బట్టీ కొట్టాం. శ్రీశ్రీ లెక్కలో కవిత్రయం వేరు: తిక్కన, వేమన, గురజాడ. అంటే పాతవాళ్లని అందర్నీ తోసేయలేదు. ఆరేడు వందల ఏళ్ల కిందటి తిక్కనని కూడా ఉంచుకున్నారు. గురజాడ ముత్యాలసరాలు అనే కొత్త లయ తెచ్చింది 1910లో, అంటే శ్రీశ్రీ పుట్టిన ఏడాదే. గురజాడ 1915లో పోయేనాటికి శ్రీశ్రీ ఐదేళ్ల పిల్లవాడు. అయినా ఆయన్నే తన దారి చూపినవాడిగా చెప్పుకున్నారు.

కాబట్టి ఆ కవితలో గొడవ పెద్దవాళ్లతో కాదు, అడగకుండా ఒప్పుకోవడంతో. మా తాత గుడిమల్కాపూర్ మార్కెట్‌కి కూరగాయలు తీసుకుపోయేవాడు. తూకంలో మోసం చేస్తే ఆ పూట గెలుస్తావు, రేపు నీ గంప దగ్గరికి ఎవడూ రాడు అనేవాడు. ఆ మాట నేను పరీక్షించి చూశాను, నిలబడింది. అది తాత దగ్గర్నుంచి వచ్చినంత మాత్రాన నేను ముసలోణ్ణి కాను. అదే మా ఇంట్లోనే ఆడపిల్ల బస్టాప్ దగ్గర ఎవరితో కనబడింది అని ఆరా తీసే అలవాటు కూడా ఉంది. దాన్ని నేను పరీక్షించలేదు. ఇంట్లో నోటితో చేసే పనిని నేను ఫోన్‌తో చేశాను. టెక్నాలజీ కొత్తది, ఆలోచన మాత్రం మా ముత్తాతది.

మళ్లీ శ్రీశ్రీ దగ్గరికి వద్దాం. తిరుగుబాటు అంటే ఒంటరి పని అనుకుంటాం. ఆయన విషయంలో అట్లా కాదు. కొంపెల్ల జనార్దనరావు అని ఒక స్నేహితుడు ఉండేవాడు. ఉదయిని అనే పత్రిక నడిపినవాడు. డబ్బుల్లేక, క్షయ వ్యాధితో 1937లో చిన్న వయసులోనే చనిపోయాడు. మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ ఏ జమీందారుకీ అంకితం ఇవ్వలేదు, ఈ స్నేహితుడికే ఇచ్చారు. రాజులకీ దేవుళ్లకీ పుస్తకాలు అంకితమిచ్చే ఆచారం ఉన్న భాషలో ఇది చిన్న పని కాదు.

ఇంకో కథ ఉంది, నాకు చాలా ఇష్టమైంది. విశ్వనాథ సత్యనారాయణ గారు సంప్రదాయం వైపు మనిషి. శ్రీశ్రీకీ ఆయనకీ నమ్మకాల్లో ఎక్కడా పొత్తు కుదరదు. అలాంటిది నవ్య సాహిత్య పరిషత్తు సభలో శ్రీశ్రీ తన కవిత చదివితే విశ్వనాథ కదిలిపోయి, కన్నీళ్లతో ఆయన్ని కౌగలించుకుని, నీ పుస్తకం నేను అచ్చువేయిస్తానని ముందుకొచ్చారట. ఇందులో ముసలివాడు ఎవరు, యువకుడు ఎవరు? తనకి నచ్చని దారిలో వచ్చిన మంచి కవితని గుర్తుపట్టిన పెద్దాయన ఆ క్షణానికి ఏ రకం? నేను మైకులో చెప్పిన అంకుల్స్ బ్యాచ్ థియరీ ఇక్కడే పడిపోయింది.

పుస్తకం మాత్రం తొందరగా రాలేదు. చలం గారు 1940లోనే ముందుమాట రాసేశారు. దానికి యోగ్యతాపత్రం అని పేరు. అంటే సర్టిఫికెట్. సర్టిఫికెట్ వచ్చిన పదేళ్లకి, 1950లో నళినీకుమార్ అచ్చువేస్తే మహాప్రస్థానం జనం చేతికొచ్చింది. ఈ మధ్యలో శ్రీశ్రీ ఉద్యోగాల కోసం ఊళ్లు తిరిగారు. 1938లో మద్రాసులో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్. తర్వాత ఢిల్లీలో ఆకాశవాణి. ఏదీ నిలకడగా లేదు. 1950లో ఆహుతి అనే డబ్బింగ్ సినిమాతో సినిమాల్లోకి వచ్చారు. హిందీ పెదాల కదలికకి తెలుగు మాటలు అతికించడం అన్నమాట. ఆ పని తక్కువదని అనుకోలేదు. తర్వాత వందల పాటలు రాశారు. అల్లూరి సీతారామరాజు సినిమాలో రాసిన పాటకి 1974 సంవత్సరానికి జాతీయ అవార్డు వచ్చింది.

1966లో ఖడ్గసృష్టి వచ్చింది. సోవియట్ లాండ్ నెహ్రూ అవార్డు కూడా వచ్చింది. అప్పటికి ఆయనకి పేరుంది, అభిమానులున్నారు, సినిమా సంపాదన ఉంది. ఇంక హాయిగా మహాకవి అనిపించుకుంటూ దండలు వేయించుకోవచ్చు.

కానీ బయట ఇంకో తరం వచ్చేసింది. 1965లో హైదరాబాద్‌లో దిగంబర కవులు అని ఆరుగురు కుర్రాళ్లు తమ మొదటి పుస్తకాన్ని అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత విడుదల చేయించారు. ఏ మంత్రిగారో, వైస్ ఛాన్సలర్ గారో కాదు. అటు ఉత్తరాంధ్రలో శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక అది సాయుధ పోరాటంగా మారింది. 1969 డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి అనే కవిని పోలీసులు కాల్చి చంపారు. జముకుల కథలు చెప్పి జనాన్ని కదిలించిన కవి ఆయన.

ఇది జరిగిన కొద్ది వారాలకే, 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీకి అరవై ఏళ్ల పండుగ చేశారు. పుట్టిన ఊళ్లో షష్టిపూర్తి. పెద్ద పెద్ద రచయితలంతా వచ్చారు. ఆ సభలో విశాఖ విద్యార్థులు అనే పేరుతో ఒక కరపత్రం పంచారు. పక్కనే కొండల్లో మనుషులు చనిపోతుంటే రచయితలు ఎటువైపు ఉన్నారో చెప్పాలని అందులో సూటిగా అడిగారు. సన్మానం జరిగే సభలో, సన్మానం చేయించుకునే మనిషి ముందు!

ఒక్కసారి ఊహించుకోండి. యువకులకి నమస్కారం పెడుతూ కవిత రాసిన కవి. ఆ యువకులే వచ్చి, మీరు ఎటువైపు అని అడుగుతున్నారు. ఎవరైనా ఏం చేస్తారు? కుర్రతనం, తెలియనితనం అని కొట్టిపారేయొచ్చు. నేను ఎవరనుకుంటున్నారు అనొచ్చు. నాలాగా నవ్వి, చేతులు ఊపి దిగిపోవచ్చు.

శ్రీశ్రీ ఆ ప్రశ్న తనకే వేశారని తీసుకున్నారు. ఐదు నెలలు తిరిగేసరికి, 1970 జూలై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు శ్రీశ్రీ. ఆయనతో పాటు కొడవటిగంటి కుటుంబరావు, రావిశాస్త్రి లాంటి పెద్దవాళ్లూ, దిగంబర కవుల్లోంచి చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్ లాంటి కుర్రవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆ సంఘం రాజకీయాలతో మనలో కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. నేను ఇక్కడ దాని గురించి వాదించడం లేదు. నేను చూస్తున్నది ఒక్కటే. అరవై ఏళ్ల మనిషి పాతికేళ్ల వాళ్ల ప్రశ్న విని, తన సౌకర్యం వదులుకుని, జవాబు మాటతో కాకుండా పనితో చెప్పాడు. అరవైలో ఆయన రెండో రకం కుర్రాడయ్యాడు.

కథ ఇక్కడ ఆపేస్తే చాలా అందంగా ఉంటుంది. కానీ ఆపితే అబద్ధం అవుతుంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల మీద సెన్సార్, ప్రశ్నించినవాళ్లు జైళ్లలో. శ్రీశ్రీతో కలిసి నడిచిన రచయితలు కూడా జైళ్లలో ఉన్నారు. ఆ సమయంలో శ్రీశ్రీ ప్రభుత్వం ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమాన్ని సమర్థించారు. ఆయన్ని ప్రేమించినవాళ్లకి అది పెద్ద దెబ్బ. తర్వాత అది తప్పని ఆయనే ఒప్పుకున్నారు. అభిమానులు కొందరు ఈ పేజీ తిప్పేస్తారు, గిట్టనివాళ్లు ఈ ఒక్క పేజీనే చదువుతారు. రెండూ సరికాదు. అరవైలో యువకుడైన మనిషి అరవై అయిదులో మళ్లీ జారాడు. జారిన సంగతి దాచకుండా చెప్పి, మళ్లీ తన వాళ్ల మధ్యకి వచ్చాడు.

1981లో మహాప్రస్థానాన్ని ఆయన సొంత చేతిరాతతో లండన్‌లో అచ్చువేశారు. యాభై ఏళ్ల కిందటి తన కవితల్ని ఒక్కో అక్షరం మళ్లీ చేత్తో రాశారన్నమాట. 1983 జూన్ 15న మద్రాసులో క్యాన్సర్‌తో చనిపోయారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. ఇటు నుంచి మెహిదీపట్నం మీదుగా సిటీలోకి వెళ్లినప్పుడు ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఇప్పుడు కవిత దగ్గరికి మళ్లీ వస్తాను. నేను మైకులో చెప్పిన అర్థం ఏంటి? రెండు రకాల మనుషులున్నారు, మనం రెండో రకం అని. ఆయన జీవితం పక్కన పెట్టుకుని చదివితే ఆ గీత ఇద్దరు మనుషుల మధ్య గీసింది కాదు, ఒక్కో మనిషి లోపల గీసింది. పద్దెనిమిదిలో ఆయన గీతకి ఇటువైపు, ఇరవై నాలుగులో అటువైపు, అరవైలో అటువైపు, అరవై అయిదులో ఇటువైపు. వయసు సర్టిఫికెట్ అక్కడ పనిచేయదు. నిన్న అటువైపు ఉన్నాం కాబట్టి ఈ రోజు కూడా ఉంటామని గ్యారంటీ లేదు. నిన్న ఇటువైపు ఉన్నాం కాబట్టి దాటలేమని కూడా లేదు.

మొదటి రకం పుట్టుకతోనే అట్లా ఉంటారన్నట్టు ఆ కవిత మాట్లాడుతుంది కదా, అది తీర్పు కాదా అని మీరు అడగొచ్చు. నాకైతే అది వెక్కిరింపు అనిపిస్తుంది. నిజంగా పుట్టుకతో వచ్చిందైతే తిట్టి లాభం లేదు, కవిత రాసి అసలే లాభం లేదు. మారతారన్న ఆశ ఉన్నవాళ్లనే ఎవరైనా అంత ఘాటుగా తిడతారు. మా నాన్న నన్ను తిట్టేది కూడా అందుకే అని అమ్మ అంటుంది.

ఇంకో మాట. మన ఏజ్‌లో తిరుగుబాటు అంటే ఎదురుగా ఎవరో పెద్ద విలన్ ఉండాలి అనుకుంటాం. ప్రభుత్వం, మేనేజ్‌మెంట్, సిస్టమ్. వాటి మీద అరవడం కొంచెం సులువే, ఎందుకంటే గుంపు మన వెంట ఉంటుంది. మన గుంపులోనే ఒకడు తప్పు చేసినప్పుడు, అరేయ్ ఇది బాగలేదు, తీసెయ్ అనడం కష్టం. అక్కడ గుంపు ఎదురుగా ఉంటుంది. ఆ ఫోటో వచ్చినప్పుడు మా గ్రూపులో అరవై మందికి పైగా ఉన్నాం. ఒక్కడు ఆ మాట టైప్ చేసి ఉంటే అక్కడితో ఆగిపోయేది. టైప్ చేయడానికి అయ్యే ఖర్చు సున్నా. అయినా ఎవరం చేయలేదు.

సెలవులు అయిపోయి కాలేజీ తెరిచాక నేను ఆ మూడు గ్రూపుల్లోనూ రాశాను. ఫిబ్రవరిలో ఆ ఫోటో ఫార్వర్డ్ చేసింది నేను, అందులో ఉన్న మాట అబద్ధం, తప్పు నాది అని. ఇద్దరు ముగ్గురు నవ్వే ఎమోజీలు పెట్టారు. ఒకడు పాత సంగతి ఇప్పుడెందుకు తవ్వుతావురా, పోనీ తియ్ అన్నాడు. ఆ పోనీ తియ్ దగ్గరే కదా అసలు సమస్య అంతా.

తర్వాత క్యాంటీన్ దగ్గర ఆ అమ్మాయిని కలిసి సారీ చెప్పాను. సినిమాల్లో లాగా ఏమీ జరగలేదు. సరే అంది. ఆ మూడు వారాలు తిరిగి రావు కదా అంది. మా ఇంట్లో ఇప్పటికీ నన్ను మామయ్య బండి ఎక్కనివ్వడం లేదు అంది. ఈసారి ఇంకెవరి ఫోటో అయినా వస్తే అప్పుడు రాయి, నాకు ఇప్పుడు చెప్పి ఏం లాభం అని వెళ్లిపోయింది. నాకు మాట రాలేదు. ఆమె చెప్పింది కరెక్టే.

ఆ కవితని స్టేటస్‌లోంచి తీసేశాను. ఇష్టం పోయి కాదు. అది గోడ మీద అంటించుకునే సర్టిఫికెట్ కాదని, రోజూ అడిగే ప్రశ్న అని తెలిసి. విశాఖ విద్యార్థులు శ్రీశ్రీని అడిగిన ప్రశ్నా, మా ఫస్టియర్ చెల్లె నన్ను అడిగిన ప్రశ్నా ఒకటే. ఆయన ఐదు నెలల్లో జవాబు చెప్పారు. నాకూ దాదాపు అంతే టైం పట్టింది, కాకపోతే నాది చాలా చిన్న జవాబు, అది కూడా సగమే. మిగతా సగం ఇంకో ఫోటో వచ్చిన రోజు తెలుస్తుంది.

వచ్చే ఏప్రిల్ 30 మీటింగ్‌లో ఈ కవితని మళ్లీ చదువుదామని క్లబ్‌ని అడిగాను. ఈసారి నేను కాదు, ఆ ఫస్టియర్ చెల్లె చదువుతుంది. అప్పటికి సెకండియర్ అవుతుంది లెండి. మీరంతా రండి. చదవడం అయిపోయాక తను ఆ ప్రశ్న మళ్లీ అడుగుతానంది, ఈసారి అందర్నీ.